నాయనమ్మ కాలు, అమ్మమ్మ కత్తి

జూరాకన్ కాలు పందెం గెలిచాకే విరిగింది. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. పరుగు మధ్యలో విరిగిందని ఎవరైనా అంటే ఆవిడ ఊరుకోదు.

ఆ రోజు ఊరి చివర మైదానంలో ఎవరి మనవరాలికో బందం కోత జరుగుతోంది. కొత్తగా నడక నేర్చిన పిల్ల కాళ్లకు నలుపూ తెలుపూ కలిపి పేనిన ఉన్ని దారం కట్టి నిలబెట్టారు. ఆడవాళ్లు అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందొచ్చిన జూరాకన్ కత్తి అందుకుని దారం కోసింది, పిల్ల బుగ్గ ముద్దాడింది, బహుమతి శాలువా భుజాన వేసుకుంది, జనం వైపు తిరిగి చేతులూపుతూ రెండడుగులు వెనక్కి వేసింది. వెనక నేల ఉడత తవ్విన బొరియ ఉంది. కుడి పాదం అందులో దిగబడి మెలిక తిరిగింది. టప్పున చప్పుడైందట, అది తనకొక్కదానికే వినిపించిందట. అల్లంత దూరాన కూర్చుని టీ తాగుతున్న వియ్యపురాలు కాలిపా మాత్రం ఆ చప్పుడు తనకూ వినిపించిందనీ, అది శాలువా అందుకోకముందేననీ ఊరంతా చెప్పుకొచ్చింది.

జూరాకన్‌కు యాభై ఏడేళ్లు. ముప్పై ఏళ్లు కోచ్‌కోర్ అనే ఊరి దగ్గరి బళ్లో డ్రిల్లు టీచరుగా చేసింది. ఉద్యోగం వదిలినా మెళ్లో విజిల్ వదల్లేదు. చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఒక్కమంది పిల్లల బందం ఆమె చేతి మీదుగానే తెగింది. బందం ఎవరు కోస్తే పిల్లలకు వాళ్ల నడకా వాళ్ల తీరూ వస్తాయని అక్కడి నమ్మకం. అందుకే తల్లులు ఆమెను పిలిచి మరీ పందెంలో నిలబెట్టేవాళ్లు. ఇంతమంది పిల్లల్ని నడిపించిన మనిషికి ఇంట్లో సొంత మనవడున్నాడు, బైయెల్. పదకొండు నెలలవాడు, గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. నేడో రేపో నడుస్తాడు. వాడి బందం తన చేతులతో కోయాలన్నది జూరాకన్ ఏకైక కోరిక. సరిగ్గా అప్పుడే నేల ఉడత ఆమెతో పగ సాధించింది.

జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు నియాజ్‌బెక్ ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకున్నాడు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాన్చకు. ఆపరేషన్ చేసెయ్" అంది జూరాకన్. "స్క్రూ బిగించెయ్. బిష్కెక్‌లో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడికి బిగించారట, గిత్తలా పరుగెడుతున్నాడట."

"ఆ కుర్రాడి ఎముక వేరు, మీ ఎముక వేరు టీచర్. చిటికెన వేలి ఎముక ఉంది చూశారా, దాని మొదట్లో చిన్న పెచ్చు విరిగింది. పక్కకి జరగలేదు, ఉన్న చోటే ఉంది. దానంతటదే అతుక్కుంటుంది. కోత అక్కర్లేదు, స్క్రూ అక్కర్లేదు."

"ఏమీ చెయ్యవన్నమాట! మరి నువ్వు డాక్టరువెందుకయ్యావు?"

అతను నవ్వుకుంటూ బీరువాలోంచి ఒక బూటు తీశాడు. బూడిద రంగుది, మోకాలి కింద దాకా వస్తుంది, నిండా పట్టీలు. గుర్రానికి వేసినా సరిపోయేలా ఉంది.

"ఆరు వారాలు. ఇది వేసుకుని ఇంట్లో మెల్లగా నడవొచ్చు. నొప్పి పుడితే కూర్చోవాలి. బూటు లేకుండా అడుగు నేల మీద పడకూడదు. ఇక పరుగు మాటే వద్దు."

"నాలుగు వారాలు చెయ్యి."

"బేరమా టీచర్? విజిల్ ఊదకముందే పరుగు మొదలెట్టానని నా చేత బడి చుట్టూ ఏడుసార్లు పరుగెత్తించారు, గుర్తుందా?"

"ఊదకముందే పరుగెత్తావు మరి."

"ఎముకదీ అదే లెక్క. అది విజిల్ ఊదేదాకా ఆగాలి. తొందరపడితే మళ్లీ విరుగుతుంది. అప్పుడు నిజంగానే కోత, నిజంగానే స్క్రూ."

ముప్పై ఏళ్లు తను అరిచిన మాట తన మీదికే తిరిగొస్తే ఎవరు మాత్రం ఏమంటారు? జూరాకన్ కాలు చాపి బూటు తొడిగించుకుంది. ఇంటికొచ్చి కొడుకు సమత్‌నీ, కోడలు జీబెక్‌నీ కూర్చోబెట్టి మాట తీసుకుంది. బైయెల్ రేపే నడిచినా సరే, బందం కోత మాత్రం ఆరు వారాల తరవాతే. ఇద్దరూ సరేనన్నారు. బతకాలి కదా మరి.

మర్నాడు పొద్దున్నే కాలిపా దిగింది. జీబెక్ తల్లి ఆమే. రెండు వీధుల అవతల ఉంటుంది. ఆ రెండు వీధులూ నడవడానికి మధ్యలో ఒకచోట కూర్చుంటుంది. ఇల్లు ఆలస్యంగా వదిలేవాళ్లే పరుగెడతారనీ, తనకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదనీ ఆమె గొప్పగా చెప్పుకుంటుంది. టీ మాత్రం పదకొండు పియాలాలు తాగుతుంది. అదీ మామూలుగా కాదు, పెదాలు ముందుకు చాపి, కళ్లు మూసుకుని జుర్రుమని లాగుతుంది. ఆ చప్పుడికి పక్కింటి ఆవు తలెత్తి చూస్తుంది.

"ఏం వదినా, గుర్రానివైతే ఈపాటికి సాసేజీ అయిపోయేదానివి" అంది పరుపు మీద చతికిలబడుతూ. "మనిషివి కాబట్టి బూటు వేసి వదిలేశారు."

"పరామర్శకొచ్చావా, పొడుచుకు తినడానికొచ్చావా వదినా?"

"రెండూను. టీ పొయ్యవే జీబెక్."

అలా రోజూ వచ్చింది. జూరాకన్ కూర్చున్న చోటే నూనె డబ్బాలు రెండు చేతులా పైకెత్తి దించుతూ, మంచి కాలు గాలిలో తొక్కుతూ, కోడలు రొట్టెల పిండి పిసుకుతుంటే విజిలేసి "భుజాలు! భుజాలతో పిసుకు!" అని అరుస్తూ వ్యాయామం చేసేది. కాలిపా జుర్రుతూ చూసేది. మొదటి వారం ఆ చప్పుడికి జూరాకన్‌కు ఒళ్లు మండింది. రెండో వారం కాలిపా ఒక పూట రాకపోతే ఇల్లు బోసిగా అనిపించింది. ఆ సంగతి చచ్చినా పైకి చెప్పలేదు.

నాలుగో వారం బైయెల్ గోడ వదిలాడు.

జీబెక్ కేకేసింది, సమత్ పరుగెత్తుకొచ్చాడు, కాలిపా సైతం పియాలా కింద పెట్టింది. వాడు రెండు చేతులూ చాపి, ఎడమ కాలు ముందుకేశాడు. తరవాత కుడి కాలు ఎత్తకుండా నేల మీద ఈడ్చి తెచ్చుకున్నాడు. మళ్లీ ఎడమ కాలు. మళ్లీ ఈడ్పు. అలా గది ఈ మూల నుంచి ఆ మూలకు కుంటుకుంటూ వెళ్లి, గర్వంగా వెనక్కి తిరిగి చూశాడు. నవ్వుతున్నవాళ్ల మొహాలన్నీ వాడిపోయాయి.

సమత్ ఆ క్షణమే వాడిని ఎత్తుకుని ఆసుపత్రికి పరుగు తీశాడు. ఎక్స్‌రే తీశారు. ఎముకలు ముత్యాల్లా ఉన్నాయని చెప్పి పంపేశారు. ఇంటికి రాగానే బైయెల్ నేల మీదికి దిగి, మళ్లీ కుడి కాలు ఈడ్చుకుంటూ టీ కాగే సమోవర్ దగ్గరికి వెళ్లాడు.

"ఎముకలో లేదంటే బందంలో ఉందన్నమాటే" అని తేల్చేసింది కాలిపా. "కంటికి కనపడని బందం వాడి కాలు పట్టి లాగుతోంది. ఈ శనివారమే కోసెయ్యాలి."

"ఈ శనివారానికి నాకు నాలుగు వారాలే అవుతాయి వదినా! ఇంకో రెండు వారాలు ఆగితే..."

"పసివాడు కుంటుతుంటే నీ పరుగు పందెం కోసం ఆగమంటావా?"

జూరాకన్ సాయం కోసం చూసింది. కొడుకు వైపు చూస్తే కొడుకు తలుపు వైపు చూశాడు. కోడలు పియాలాలు సర్దడం మొదలెట్టింది.

"అయితే ఎవరు పరుగెత్తుతారు?" అంది జూరాకన్ నీరసంగా.

"నేనే" అంది కాలిపా.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక సమత్ దగ్గు వచ్చినట్టు నటిస్తూ బయటికి పోయాడు. జూరాకన్ కూడా నవ్వింది, కానీ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కాలిపా పిల్లాడి అమ్మమ్మ, పెద్దముత్తైదువ. అంత పెద్దావిడ ముందు పరుగెడుతుంటే ఊళ్లో కోడళ్లెవరూ దాటిపోరు, దాటితే జీవితాంతం మాట పడాలి. అంటే కాలిపా బయలుదేరడమే ఆలస్యం, గెలిచినట్టే. బైయెల్‌కు కాలిపా తీరొస్తుంది. రెండు వీధులు నడవడానికి మధ్యలో కూర్చుంటాడు. కళ్లు మూసుకుని టీ జుర్రుతాడు. జూరాకన్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

గురువారం పొద్దున ఇంట్లో నాయనమ్మా మనవడూ ఇద్దరే ఉన్నారు. జూరాకన్ సమోవర్ దగ్గరికి బయలుదేరింది. బూటు ధన్ ధన్ అంటోంది. వెనకాల చిన్న చప్పుడు వినిపించి తిరిగి చూసింది. బైయెల్ వస్తున్నాడు. ఆమె ఆగితే ఆగాడు. ఆమె నడిస్తే నడిచాడు. కుడి కాలే ఈడుస్తున్నాడు. ఆమె అనుమానంగా నడుం మీద చెయ్యి వేసుకుంది. వాడూ వేసుకున్నాడు, నడుం దొరక్క పొట్ట మీద. ఆమె విజిల్ నోట్లో పెట్టుకుంది. వాడు బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఓరి నీ అల్లరి తగలెయ్య!" అంది జూరాకన్. "వెధవా, నన్ను చూసి నేర్చుకున్నావట్రా?"

పెద్దవాళ్ల నడక అంటే ఇదే కాబోలనుకున్నాడు వాడు. నెల రోజులుగా రోజంతా కళ్లెదుట తిరుగుతున్నది ఆమె ఒక్కతే మరి. జూరాకన్ నేల మీద కూర్చుని వాడిని ఒళ్లోకి లాక్కుని ముద్దులాడింది. బందం ఇంకా కోయనే లేదు, అప్పుడే వాడికి తన నడక వచ్చేసింది! ఎగిరి గంతెయ్యాలనిపించింది, కానీ డాక్టరు వద్దన్నాడు. ఈ మాట అందరికీ చెబుదామనుకుంది. అంతలోనే ఆగింది. చెబితే 'పిల్లాణ్ణి కుంటివాణ్ణి చేశావు కదే' అని కాలిపా పదేళ్లు సాధిస్తుంది. అందుకని గుట్టుగా కడుపులో దాచుకుంది. కానీ వాడి కాళ్లకు కట్టిన దారాన్ని కాలిపా కత్తి తాకబోతుందంటే మాత్రం మనసు ఒప్పుకోలేదు.

శనివారం మైదానం నిండిపోయింది. కడాయిల్లో పిండి ముక్కలు వేస్తుంటే నూనెలో బోర్సోక్‌లు పొంగుతున్నాయి. అవతలి చివర సమత్ బైయెల్ చంకల కింద చేతులు పెట్టి నిలబెట్టాడు. చిన్న బూట్ల మీద నలుపూ తెలుపూ దారం కట్టి ఉంది. ఇవతలి చివర గీత దగ్గర తొమ్మిదిమంది పడుచు కోడళ్లు, వాళ్ల ముందు కాలిపా. పావడా దోపుకుంది, అల్లుడి బూట్లు తొడుక్కుంది. గొడ్ల సావిడి చుట్టూ మూడు రోజులు సాధన చేసిందని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. దూడ భయపడి పాలు మానేసిందట.

అప్పుడు ధన్ ధన్‌మంటూ జూరాకన్ వచ్చి గీత మీద నిలబడింది.

"నువ్వెందుకొచ్చావు వదినా?" అంది కాలిపా.

"పందేనికి."

"డాక్టరు పరుగెత్తొద్దన్నాడుగా!"

"పరుగెత్తొద్దన్నాడు, నడవొద్దనలేదు. నడుస్తాను. నీకేం భయం?"

"నాకెందుకు భయం! నడుచుకో."

పందెం మొదలైంది. ఆ పందెం చూసినవాళ్లు ఈ రోజుకీ పొట్ట పట్టుకుంటారు. కాలిపా ప్రాణం పెట్టి పరుగెత్తింది. జూరాకన్ జాగ్రత్తగా నడిచింది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరున్నారు. వాళ్ల వెనక తొమ్మిదిమంది పడుచువాళ్లు ఇద్దరు పెద్దావిడల్ని దాటలేక, ఆగిపోతే పందెం కాదని, చేతులు మాత్రం జోరుగా ఊపుతూ, కాళ్లు ఉన్నచోటే ఎత్తి దించుతూ వస్తున్నారు. ఒకామె ఈ వేగానికి తూలిపడింది కూడా.

"దారి... వదులు... వదినా" అంది కాలిపా రొప్పుతూ.

"మైదానమంతా దారే. పో."

సగం దూరం అయ్యేసరికి కాలిపా మొహం ఎర్రగా కందిపోయింది. అయినా ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తని మనిషి, మనవడి కుంటినడక పోగొట్టాలని పరుగెత్తుతోంది. అది చూసి జూరాకన్‌కు గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ కలుక్కుని పక్కకి నెట్టి ముందుకే నడిచింది.

ఇంకా పది అడుగులుందనగా ఇద్దరూ సమానంగా ఉన్నారు. కత్తి పట్టుకున్న ముసలాయన చెయ్యి చాచి నిలబడ్డాడు. జూరాకన్ లెక్క వేసుకుంది. నాలుగు గంతులు. ఒక్క నాలుగు గంతులు వేస్తే కత్తి తనది, మనవడు తనవాడు. పాదంలో నొప్పి కూడా లేదు. నాలుగు గంతులకు ఎముక ఏమైపోతుంది? గంతెయ్యడానికి బూటు కాలు పైకెత్తింది.

ఎదురుగా బైయెల్ కూడా కుడి కాలు పైకెత్తాడు.

రెండు కాళ్లకూ కలిపి బందం ఉంది కదా, ఎడమ కాలు కూడా దాంతోపాటు లేచింది. వాడు గాల్లో వేలాడుతూ సమత్ చేతుల్లో పడ్డాడు. పడినా కళ్లు నాయనమ్మ కాలి మీదే ఉన్నాయి. ఆమె తరవాత ఏం చేస్తే అది చెయ్యడానికి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

జూరాకన్ కాలు గాలిలోనే ఉండిపోయింది. ఇప్పుడు గంతేసి మళ్లీ విరిగితే ఇంకో ఆరు వారాలు బూటు. తనతో పాటు వాడికీ ఆరు వారాలు. అప్పటికి ఆ కుంటినడక వాడి ఒంట్లో స్థిరపడిపోతుంది. ఎముక ఇంకా విజిల్ ఊదలేదు. ఊదకముందే పరుగెత్తినవాళ్లను ఆమె ముప్పై ఏళ్లలో ఒక్కసారీ క్షమించలేదు.

కాలు మెల్లగా, చాలా మెల్లగా నేల మీద ఆనించింది. బైయెల్ కూడా మెల్లగా ఆనించాడు.

"పో వదినా" అంది జూరాకన్. "పోవే, నిలబడిపోకు!" అని విజిల్ ఊదింది.

కాలిపా ఆ చివరి పది అడుగులూ పడుతూ లేస్తూ వెళ్లి, కత్తి లాక్కుని, పరపరా దారం కోసింది. జనం ఈలలు వేశారు. ఎవరో శాలువా కప్పారు. కాలిపా ఊపిరందక మాట రాక, చేత్తోనే పిల్లాణ్ణి నడవమని సైగ చేసింది. సమత్ చేతులు వదిలాడు.

బైయెల్ ఎడమ కాలు ముందుకేశాడు. కుడి కాలు ఈడ్చాడు.

ఈలలు ఆగిపోయాయి. బోర్సోక్‌లు వేగే చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. కాలిపా కత్తి వైపు చూసింది, పిల్లాడి వైపు చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమీ కాదు వదినా" అంది జూరాకన్ ఆమె భుజం పట్టుకుని. "కత్తి మహిమ ఒంటికి పట్టాలి కదా. రెండు వారాల్లో సర్దుకుంటుంది."

"నీకెలా తెలుసు?"

"నలభై ఒకటి కోశాను. నాకు తెలియదా?"

రెండు వారాలకు నియాజ్‌బెక్ బూటు విప్పించి, చిటికెన వేలి ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కాడు. జూరాకన్ కిక్కురుమనలేదు. కొత్త ఎక్స్‌రే చూసి అతను తలూపాడు.

"అతుక్కుంది టీచర్. విజిల్ ఊదింది. కానీ ముందు ఇంట్లో నడవండి, తరవాత వీధిలో. పరుగు ఇంకో రెండు నెలలకు. నడిచేటప్పుడు మధ్యలో కూర్చోండి."

"మా వియ్యపురాలిలాగానా?"

"ఆవిడ పాదాలు ఎప్పుడైనా విరిగాయా?"

ఆ ప్రశ్నకు జూరాకన్ ఇంటిదాకా ఆలోచించింది.

ఇంట్లో మామూలు చెప్పులు వేసుకుని నిలబడింది. కాలు సన్నబడి పరాయిదానిలా ఉంది. భయమేసింది. నలభై ఒక్కమందిని నడిపించిన మనిషి గోడ పట్టుకుంది. బైయెల్ కూడా వచ్చి పక్కనే గోడ పట్టుకున్నాడు. ఆమె ఎడమ కాలు వేసింది. కుడి కాలు ఎత్తి వేసింది. వాడు తల వంచి ఆమె పాదం వైపు చూసి, కాస్త ఆలోచించి, కుడి కాలు ఎత్తి వేశాడు. ఇద్దరూ గది దాటేశారు.

గుమ్మంలో నిలబడ్డ కాలిపా కెవ్వుమంది. "చూశావా నా కత్తి! చూశావా! రెండు వారాలన్నావు, సరిగ్గా రెండు వారాలకే!"

జూరాకన్ నోటి దాకా వచ్చింది నిజం. మైదానంలో అల్లుడి బూట్లతో రొప్పుతూ పరుగెత్తిన మనిషి కళ్ల ముందు మెదిలింది.

"నీ కత్తే వదినా" అంది. "నాకన్నా నీ చెయ్యే మంచిది."

కాలిపా ఆ మాట వీధి వీధికీ చెప్పిరావడానికి, మధ్యలో ఎక్కడా కూర్చోకుండా వెళ్లిపోయింది. జీబెక్ టీ పోసింది. జూరాకన్ కాలు చాపుకుని పియాలా అందుకుంది. తుఫాను వెలిసినట్టు ఉంది ఇల్లు.

జుర్రు.

జూరాకన్ ఉలిక్కిపడి చూసింది. కాలిపా తిరిగి రాలేదు. బైయెల్ తన చిన్న పియాలా రెండు చేతులా పట్టుకుని, పెదాలు ముందుకు చాపి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"చూశావటే జీబెక్! అయిపోయింది! మీ అమ్మ కత్తి పట్టేసింది వాడికి!"

"మా అమ్మ కాదు అత్తయ్యా" అంది జీబెక్ నవ్వాపుకుంటూ. "ముందు మీరు జుర్రారు. తరవాత వాడు జుర్రాడు. నెల నుంచీ రోజూ చూస్తున్నాను."

జూరాకన్ నమ్మలేదు. పియాలా ఎత్తి, చప్పుడు కాకుండా ఒక గుటక తాగింది. బైయెల్ కూడా చప్పుడు కాకుండా తాగాడు. టీ చప్పగా ఉంది. వాడు నాయనమ్మ మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆమె గుమ్మం వైపు ఒకసారి చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, కళ్లు మూసుకుంది. ఇద్దరూ కలిసి జుర్రారు. పక్కింటి ఆవు తలెత్తి చూసింది.